మా పాపకి ఇంకోసారి చెట్టు వేషం ఇవ్వను. మరేం ఇవ్వాలి?

పల్లెబడి_పంతులు (కోనసీమ), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. అన్ని తరగతులూ కలిపి 31 మంది పిల్లలు. వాళ్ళలో నలుగురికి ప్రత్యేక అవసరాలున్నాయి. మూడో తరగతి పాపకి సెరిబ్రల్ పాల్సీ. వీల్‌చైర్‌లో వస్తుంది, మాట రాదు, మనం చెప్పేది మాత్రం అంతా అర్థమవుతుంది. నాలుగో తరగతి బాబుకి వెలుతురు, చీకటి తప్ప ఇంకేమీ కనపడవు. రెండో తరగతిలో ఒకడికి ఆటిజం. ఐదో తరగతి కుర్రాడికి పుట్టుకతోనే వినపడదు.

పోయినేడు వార్షికోత్సవానికి నాటకం వేయించాం. పాపని చెట్టు చేశాను. ఆకుపచ్చ చీర కప్పి, మామిడాకులు కుట్టి, స్టేజీ మీద ఓ వార కూర్చోబెట్టాం. జనం చప్పట్లు కొట్టారు. వచ్చిన పెద్దమనిషి తల నిమిరి ఫోటో దిగారు. అంతా అయ్యాక వాళ్ళమ్మ ఆ ఆకులు ఒక్కొక్కటే విప్పుతూ అడిగింది: "మాస్టారూ, మా పాప రాకపోతే ఈ నాటకం ఆగిపోయేదా?" కోపంతో అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను.

మళ్ళీ వార్షికోత్సవం వస్తోంది. ఈసారి నలుగురూ ఉండాలి, ఊరికే కనపడటానికి కాదు. ఏ కథ తీసుకోను? ఎలా చేయించను?

భవిత_అక్క (ఐఈఆర్పీ, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకి చెప్పే టీచర్, నల్గొండ జిల్లా), శనివారం రాత్రి 9:50

మాస్టారూ, ఆ అమ్మ అడిగిన ప్రశ్ననే కొలతగా పెట్టుకోండి. ఏ పిల్లకి ఏ వేషం ఇచ్చినా, ఈ పిల్ల పలక్కపోతే కథ ముందుకు పోతుందా అని చూసుకోండి. పోతుందంటే అది వేషం కాదు, అలంకారం.

మన ఏడు చేపల కథ తీసుకోండి. కొత్త కథ వెతకొద్దు. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది, ఆవు మెయ్యలేదు, పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. ఏడు ప్రశ్నలు, ఏడు జవాబులు. నడుమ ఒక్కరు జవాబు చెప్పకపోయినా కథ అక్కడే నిలబడిపోతుంది. అందరూ కలిసి ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతారు కాబట్టి, నెమ్మదిగా నేర్చుకునే పిల్లలు కూడా మూడోసారికి అందుకుంటారు. తర్వాత ఏమొస్తుందో ముందే తెలుస్తుంది, అందుకని ఆటిజం ఉన్న బాబుకి భయం తక్కువ.

ఇంకో సంగతి. పాప ఏదైనా శబ్దం చేయగలదా? చేయగలిగితే "ఊ" కొట్టించండి. మన ఇళ్ళల్లో ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ సాగదు కదా. బుర్రకథలో వంతలు "తందాన తాన" అనేదీ అందుకే. మన కథలు చెప్పే పద్ధతిలోనే వినేవాళ్ళకి చోటుంది.

పల్లెబడి_పంతులు, శనివారం రాత్రి 10:05

ఊ అనగలదు మేడమ్. కానీ చాలాసేపు పడుతుంది. మనం పిలిచాక తల ఇటు తిప్పి, నోరు తెరిచి, ఊపిరి కూడగట్టుకుని అప్పుడు అంటుంది. ఈలోగా నేనే తర్వాతి పిల్లాడి దగ్గరికి వెళ్ళిపోతుంటాను. మీరు చెప్పాక ఇప్పుడే గుర్తొచ్చింది, హాజరు కూడా ఆ పాపకి నేనే వేసేసి ముందుకు వెళ్ళిపోతున్నాను.

మాట_నేర్పే_మనిషి (స్పీచ్ థెరపిస్టు, విశాఖ), శనివారం రాత్రి 10:31

అసలు పని అక్కడే ఉంది సార్. మీరు ఆగాలి. అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి. మొదట్లో ఆ పది అంకెలూ ఒక యుగంలా అనిపిస్తాయి. ఆ ఖాళీలో "చెప్పమ్మా, చెప్పు, ఊ అను" అంటూ నింపకండి. మీరు మాట్లాడిన ప్రతిసారీ పాప మళ్ళీ మొదటి నుంచి కూడగట్టుకోవాల్సి వస్తుంది.

మాటలు కావాలంటే రికార్డు చేసుకునే బటన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నొక్కితే ఒక వాక్యం పలుకుతుంది. అది దొరక్కపోతే ఫోన్‌లో రికార్డు చేసి, తెర మీద పెద్ద గుర్తు పెట్టినా సరిపోతుంది. రెండు జాగ్రత్తలు. ఆ గొంతు పాప ఈడు ఆడపిల్లదే అయ్యుండాలి, మీ గొంతు పెట్టకండి. పాప చెయ్యి మీరు పట్టుకుని బటన్ మీద నొక్కించకండి. అలా నొక్కిస్తే ఆ మాట మీదవుతుంది. చెయ్యి ఎటు బాగా వెళ్తుందో చూసి బటన్‌ని అక్కడికి జరపండి.

సిలబస్_టెన్షన్ (ఉపాధ్యాయుడు, కర్నూలు), ఆదివారం ఉదయం 7:20

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నేను అడిగేది వేరు. మాకు రోజుకో యాప్, వారానికో నివేదిక, పిల్లలకి పరీక్షలు. ఒక్క నాటకానికి నెలరోజులు పెడితే లెక్కలెవరు చెబుతారు, చదవడమెవరు నేర్పుతారు? ప్రత్యేక అవసరాల పిల్లల మీద ప్రేమ లేక అడగట్లేదు. నా తరగతిలోనూ ఒకడున్నాడు. వాడికి తీసివేత రావట్లేదు, నాకేమో టైమ్ లేదు.

భవిత_అక్క, ఆదివారం ఉదయం 8:02

సార్, మీ బాధ నిజమే. నాటకాన్ని పాఠం పక్కన పెట్టకండి, పాఠాన్నే నాటకంలో పెట్టండి. ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు, ఎండినవెన్ని? అది తీసివేత. ఆవు గడ్డి మేస్తే, మనిషి పాలు తాగితే, అది ఆహారపు గొలుసు. "ఎందుకు", "ఎండలేదు", "మెయ్యలేదు" అనే మాటలు చార్టు మీద రాస్తే అది చదవడం. మీ తెలుగు పీరియడ్‌లోనే పదిహేను నిమిషాలు చాలు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సహిత విద్య అంటే పిల్లని బడిలో చేర్చుకోవడంతో అయిపోదు. వైకల్యం ఉన్న పిల్లలూ, లేని పిల్లలూ కలిసి నేర్చుకోవాలి, బోధనా పద్ధతి పిల్లలకి తగినట్టు మారాలి అని ఉంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే ఇప్పుడు 21 ఉన్నాయి. ఆటిజం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు కూడా వాటిలో వచ్చాయి. మీ తరగతి బాబుని ఒకసారి భవిత కేంద్రానికి, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రానికి, పంపండి, పరీక్షించి చెబుతారు.

ఆరు_చుక్కలు (సోషల్ టీచర్, రాజమండ్రి), ఆదివారం ఉదయం 10:15

నాకు పుట్టుకతో చూపు లేదు. నాలుగో తరగతి బాబు గురించి చెబుతాను.

వాడికి పాట ఇవ్వాలని మీ మనసులో ఇప్పటికే అనుకుని ఉంటారు. నాకు బడిలో పదేళ్ళూ ప్రార్థన గీతమే ఇచ్చారు. గొంతు బాగుందన్నారు, సంతోషమే. కానీ నాకు స్టేజీ మీద గెంతాలని ఉండేది. పడిపోతానని ఒక్కసారి కూడా గెంతనివ్వలేదు. మీ బాబుని ఏ వేషం కావాలో అడిగారా? ముందు అడగండి.

తిరిగే వేషం కావాలంటే ఇలా చేయండి. చాప కింద సన్న తాడు పరచి టేపు వేయండి, అరికాలికి తెలుస్తుంది. నాటకం ముందురోజు స్టేజీ అంచు నుంచి అంచుకి నాలుగైదుసార్లు నడిపించండి. "ఇటు రా", "అక్కడికెళ్ళు" అంటే మాకు ఏమీ తెలియదు, "కుడిచేతి వైపు మూడు అడుగులు" అనండి. ప్రతి పాత్రకీ ఒక చప్పుడు పెట్టండి. ఆవు మెళ్ళో గంట, గడ్డిమోపుకి నిజం ఎండుగడ్డి, అవ్వ చేతిలో గిన్నె గరిటె. ఎవరెక్కడున్నారో వాడికి తెలిసిపోతుంది. చూపున్న పిల్లలకీ ఆ చప్పుళ్ళు నచ్చుతాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగినదాన్ని. తలుపు కిర్రుమంటే చాలు, ఇల్లంతా నా కళ్ళ ముందుండేది.

చేతుల_భాష (హైదరాబాద్), ఆదివారం మధ్యాహ్నం 12:40

నేను బధిరుణ్ణి. దయచేసి ఐదో తరగతి కుర్రాడికి మూగవాడి వేషం గానీ, తెర లాగే పని గానీ ఇవ్వకండి. వాడికి భాష ఉంటుంది, లేదంటే నేర్పాలి. భారతీయ సంజ్ఞా భాష నిఘంటువులో పది వేలకి పైగా పదాలున్నాయి, వీడియోలు ఉచితంగా చూడొచ్చు. మీ కథకి ఒక పాతిక సంజ్ఞలు చాలు: చేప, ఆవు, గడ్డి, చీమ, ఎందుకు, లేదు, ఇలాంటివి. వాడొక్కడికే కాదు, 31 మందికీ నేర్పండి.

మన తెలుగు వరసలోనే చేతులు తిప్పితే సంజ్ఞా భాష అయిపోదు. అందులో ప్రశ్న మాట చివర వస్తుంది: చేప, ఎండు, లేదు, ఎందుకు. ముఖం కూడా ఆ ప్రశ్న అడగాలి. వాణ్ణే మిగతావాళ్ళకి గురువుని చేయండి. మా బడిలో నన్నలా ఒక్కరోజు చేసి ఉంటే ఎంత బాగుండేది.

సంజ్ఞలు చేసేవాళ్ళ ముఖం మీద వెలుతురు పడాలి. స్టేజీ లైట్లు ఆర్పి రంగురంగుల బల్బులు వేస్తే మాకు నాటకం అయిపోయినట్టే.

కథసంచి (ఇంటి దగ్గర పిల్లలకు చెప్పే టీచర్, శ్రీకాకుళం), ఆదివారం సాయంత్రం 5:30

నేను బడికి రాలేని పిల్లల ఇళ్ళకి వెళ్తాను. ఒక బాబుకి చూపూ, మాటా, కదలికా మూడూ ఇబ్బందే. వాడికి ఈ కథే చెప్పాను. గుడ్డసంచిలో ఎండు చేప, గుప్పెడు గడ్డి, ఆవు గంట, చిన్న బువ్వ గిన్నె వేసుకుని వెళ్ళాను. ఎండు చేప ముక్కు దగ్గర పెట్టగానే వాడి మొహం మారింది. వాళ్ళది చేపలు పట్టే ఇల్లు, అది వాడికి బాగా తెలిసిన వాసన. గడ్డి అరచేతిలో రాశాను. చీమ దగ్గరికి వచ్చేసరికి మోచేతి మీద రెండు వేళ్ళతో నడిపించి చిన్నగా గిల్లాను. నాలుగో వారం, గంట మోగగానే చెయ్యి ముందుకి చాచాడు. అప్పటికి బువ్వ గిన్నె ఇంకా సంచిలోనే ఉంది. తర్వాత ఏమొస్తుందో వాడికి తెలుసు.

వస్తువుల వరస మాత్రం మార్చకూడదు. ప్రతివారం అదే మాట, అదే వస్తువు, అదే చోటు. కొత్తదనం కోసం నేనొకసారి బువ్వ గిన్నె ముందు ఇచ్చాను. వాడు ముడుచుకుపోయాడు.

బాబు_అమ్మ (హైదరాబాద్), ఆదివారం రాత్రి 8:44

నా కొడుక్కి పదేళ్ళు, ఆటిజం. మీ రెండో తరగతి బాబు గురించి ఒక తల్లిగా చెబుతున్నాను. మైక్ కీచుమనడం, డప్పు, హఠాత్తుగా చప్పట్లు, ముఖానికి రంగు, గుచ్చుకునే బట్టలు, ఇవి మావాడికి నొప్పి. అల్లరి చేస్తున్నాడంటారు, వాడు నొప్పికి ఏడుస్తున్నాడు.

ముందే ఫోటోలతో చిన్న పుస్తకం చేయండి. "ఇది స్టేజీ. ఇక్కడ నేను నిలబడతాను. జనం చాలామంది ఉంటారు. ఇష్టం లేకపోతే ఈ తలుపులోంచి టీచర్‌తో బయటికి వెళ్ళొచ్చు." అమెరికాలో కేరల్ గ్రే అనే ఆవిడ 1991లో మొదలుపెట్టిన సోషల్ స్టోరీస్ పద్ధతి ఇది. మేము దసరా పందిరికి వెళ్ళాలన్నా ఇలాంటి పుస్తకం చేసుకుంటాం. బయటికి వెళ్ళొచ్చు అన్న పేజీ తప్పక ఉండాలి. అది ఉందని తెలిస్తేనే మావాడు లోపలికి వస్తాడు.

చప్పట్లు మాత్రం వద్దని చెప్పండి.

చేతుల_భాష, ఆదివారం రాత్రి 8:59

దానికి మా దగ్గర మంచి ఉపాయం ఉంది. మేము రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పి ఆడిస్తాం. అదే మా చప్పట్లు. శబ్దం ఉండదు, మీ బాబుకీ ఇబ్బంది లేదు. మా కుర్రాడికి తన భాషలోనే మెచ్చుకోలు అందుతుంది.

ఆరు_చుక్కలు, ఆదివారం రాత్రి 9:10

మరి నాలుగో తరగతి బాబు? వాడి వంతు అవుతుంది, జనమంతా చేతులాడిస్తారు, వాడికి వినపడేది నిశ్శబ్దం. ఎవరికీ నచ్చలేదనుకుంటాడు. చిన్నప్పుడు నాకిలాగే జరిగింది. అందరూ నవ్వుతూ చూస్తున్నారని ఇంటికెళ్ళాక అమ్మ చెప్పింది. అప్పటికి ఏడ్చేశాను.

చేతుల_భాష, ఆదివారం రాత్రి 9:26

నిజమే మేడమ్. నాకు తట్టలేదు. క్షమించండి.

బాబు_అమ్మ, ఆదివారం రాత్రి 9:40

మావాడికి హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దంతోనే ఇబ్బంది. ముందే తెలిసిన చిన్న శబ్దం పరవాలేదు. చేతులాడిస్తూ అందరూ మెల్లగా ఒక్కసారి "శెభాష్" అంటే? ఆ మాట ముందు చిన్న గంట కొట్టాలి. గంట మోగితే శెభాష్ వస్తుందని మావాడు వారంలో నేర్చేసుకుంటాడు. మీ బాబూ నేర్చుకుంటాడు.

ఆరు_చుక్కలు, ఆదివారం రాత్రి 9:45

అది నాకు సరిపోతుంది.

బొమ్మలాట_ఇల్లు (అనంతపురం వైపు), సోమవారం ఉదయం 6:50

మాది తాతల నాటి నుంచీ తోలుబొమ్మలాట ఆడే కుటుంబం. మా ఆటలో ఒకరు బొమ్మ ఆడిస్తే ఇంకొకరు గొంతు ఇవ్వొచ్చు. మాట రాని పాప బొమ్మ ఆడిస్తే పక్కన నేస్తం మాట చెప్పొచ్చు. బొమ్మ కర్రని కుర్చీ చేతికి కట్టండి, చెయ్యి కాస్త కదిలినా బొమ్మ కదులుతుంది. యుద్ధం ఘట్టంలో మేము కాళ్ళ కింద చెక్కలు పెట్టుకుని తొక్కుతాం. వినపడని పిల్లలు ఆ చెక్క అదురుని అరికాళ్ళతో పట్టుకుంటారు. మా పిన్ని కొడుకు అలాగే తాళం నేర్చుకున్నాడు.

బాబు_అమ్మ, సోమవారం ఉదయం 7:30

బాగుందన్నా. కానీ బొమ్మలాటంటే పిల్లలు మళ్ళీ తెర వెనకేగా? మా పిల్లల్ని ఇప్పటికే చాలామంది తెర వెనకే ఉంచుతున్నారు.

బొమ్మలాట_ఇల్లు, సోమవారం ఉదయం 7:48

సరిగ్గా అడిగారమ్మా. అయితే తరగతిలో పాఠం చెప్పేటప్పుడు తెర తీసేసి ఆడించండి. బొమ్మా కనపడాలి, ఆడించే బిడ్డా కనపడాలి.

డాలస్_నాన్న, సోమవారం ఉదయం 8:15

ఇక్కడ మా తెలుగు బడి నాటకంలో మా అమ్మాయి కూడా మాట్లాడే పరికరంతో వేషం వేసింది. ఒక్క అనుభవం చెబుతాను. బటన్‌లో ఆ ఒక్క డైలాగే పెట్టకండి. "ఆగండి", "మళ్ళీ చెప్పండి", "నాకిది నచ్చలేదు" కూడా పెట్టండి. రిహార్సల్లో మా అమ్మాయి అందరికంటే ముందు నొక్కింది "నాకిది నచ్చలేదు". కిరీటం బిగుతుగా ఉందట. మూడు రోజులుగా అందుకే ఏడుస్తోందని మాకు అప్పుడు తెలిసింది.

భవిత_అక్క, సోమవారం రాత్రి 9:00

ఇంకొక్క మాట చెప్పి ఊరుకుంటాను. స్క్రిప్టులో కుంటి, గుడ్డి, చెవిటి మాటల మీద హాస్యం ఉంటే తీసేయండి. మన పాత నాటికల్లో ఎన్ని ఉన్నాయో చూస్తే బాధేస్తుంది. జనం నవ్వుతుంటే ముందు వరసలో కూర్చున్న మన పిల్లలు వింటారు. అలాగే మామూలు పిల్లల కళ్ళకి గంతలు కట్టి "అంధుల కష్టం తెలుసుకోండి" అనే ఆట వద్దు. రెండు నిమిషాల్లో వాళ్ళకి తెలిసేది భయమే. దాని బదులు బ్రెయిల్‌లో తమ పేరు ఎలా ఉంటుందో వేలితో తడిమి చూడనివ్వండి.

సిలబస్_టెన్షన్, పదిహేను రోజుల తర్వాత

చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. అట్టతో ఏడు చేపలు కత్తిరించాను. తీసివేత రాని మావాడు రాజుగారి ఆఖరి కొడుకు. ఆరు చేపలు తీగ మీద ఆరేసి ఏడోది చేత్తో పట్టుకుని, "సార్, ఎండినవి ఆరే, ఇదొక్కటి పచ్చిది" అన్నాడు. నేను అడగలేదు, వాడే చెప్పాడు. పలక మీద 7 – 1 అని రాసి చూపించాను. చేపల వంక చూసి 6 రాశాడు. ఇప్పుడు అంకెలు మార్చి ఆడుతున్నాం. చేపలు లేకుండా ఇంకా చేయలేకపోతున్నాడు, పరవాలేదు.

పల్లెబడి_పంతులు, నెలన్నర తర్వాత, శుక్రవారం రాత్రి 11:20

నాటకం ఇవాళ అయింది. నిద్ర పట్టక రాస్తున్నాను.

ముందు కుదరని సంగతులు. రెండో తరగతి బాబు ఏడు చేపలూ వరసగా పేర్చి లెక్కపెట్టాడు. తర్వాత జనంలో ఎవరి ఫోనో గట్టిగా మోగితే బయటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. వాడి పని అప్పటికే అయిపోవడంతో కథ ఆగలేదు. స్టేజీ లైటు ఐదో తరగతి కుర్రాడికి వెనక నుంచి పడింది, సగం జనానికి వాడి సంజ్ఞలు కనపడలేదు. తప్పు నాది, సాయంత్రం వెలుతురుండగా చూసి సరిపోతుందనుకున్నాను. కానీ స్టేజీ మీద మిగిలిన పిల్లలు వాడి వైపు తిరిగి, వాడు నేర్పినట్టే "ఎందుకు" అని చేతులతో అడిగారు. వాళ్ళ నాన్న స్టేజీ పక్కకి వచ్చి నిలబడి ఆఖరిదాకా చూశాడు.

నాలుగో తరగతి బాబుని అడిగితే చీమ కుట్టిన పిల్లాడి వేషం కావాలన్నాడు. గెంతాలట! తాడు వెంట పరిగెత్తుకుంటూ వచ్చి, పుట్టలో వేలు పెట్టి, మూడడుగుల ఎత్తు గెంతాడు. గంట మోగింది, శెభాష్ వచ్చింది. ఆ మాట ఎటు నుంచి వస్తోందో అటు తిరిగి దణ్ణం పెట్టాడు.

పాప చీమ. బటన్‌లో గొంతు ఐదో తరగతి అమ్మాయిది. పిల్లలందరూ అడిగారు, "చీమా చీమా ఎందుకు కుట్టావు?" పాప చెయ్యి లేచింది, బటన్ పక్కకి జారిపోయింది. మళ్ళీ లేచింది. జనంలోంచి ఎవరో పెద్దావిడ, "అయ్యో, ఎవరైనా పట్టుకుని నొక్కించండమ్మా" అంది. గొంతిచ్చిన అమ్మాయి స్టేజీ మీద నుంచే, "వద్దండీ, తను నొక్కుతుంది, మేము ఆగుతాం" అంది. ఆగాం. నేను పదిహేడు దాకా లెక్కపెట్టాను. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని వినపడింది. దాని వెనకే పాప సొంత గొంతుతో "ఊ" అంది. అది స్క్రిప్టులో లేదు.

వాళ్ళమ్మ పోయినేటి మాట ఎత్తలేదు. "మాస్టారూ, ఈ బటన్ రెండ్రోజులు ఇంటికి పట్టుకెళ్తాను. ఏం కూర వండమంటుందో అడుగుతాను" అంది. ఇచ్చాను.

సోమవారం నుంచి హాజరు పుస్తకంలో పాప పేరు దగ్గర ఆగుతున్నాను. మొదటిరోజు తరగతి కొంచెం గోల చేసింది. ఇప్పుడు పిల్లలే "ష్, ఊ అంటుంది ఆగండి" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.